చౌరస్తాలోని యంత్రసాక్షి

ఎద్దుబండ్ల కాలమున నాలుగు దారులు కలియుచోట తగవు పుట్టుట అరుదు. పుట్టినను తీరుట సులభము. బండివాండ్రు ఒకరినొకరు పలుకరించుకొని, ఒకరు పగ్గము బిగించిన రెండవవారు సాగిపోయెడివారు. ఎద్దు నడకలో మాటకు వ్యవధి యుండెడిది. మోటారు వచ్చినప్పటినుండి ఆ వ్యవధి లేకుండ పోయినది. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు దాటును. అంతటి వేగమున ఎదురుపడినవారు "ముందు మీరా, మేమా" యని అడుగుకొనుటకు వీలులేదు. కావున ఆ నిర్ణయమును మనుష్యుడు ఒక దీపమునకు అప్పగించెను.

దీపము ఆజ్ఞ యిచ్చును గాని, ఆజ్ఞను మీరినవానిని పట్టుకొనలేదు. మీరెనని చెప్పుట కొక సాక్షి కావలెను. తొలుత ఆ సాక్షి పోలీసు జవాను కన్ను. పిమ్మట ఆ స్థానమున కెమెరా వచ్చి నిలిచినది. నేడు మన నగరముల చౌరస్తాలలో స్తంభములపై కనిపించు ఈ కెమెరా నిన్న మొన్నటి వింత కాదు. దాని వెనుక నూటయేబది సంవత్సరముల చరిత్ర గలదు. ఆ చరిత్ర పొడుగునను రెండు ప్రశ్నలు మరల మరల తలయెత్తుచుండెను. ప్రాణరక్షణకు ఈ సాక్షి ఎంతవరకు ఉపకరించును? ఈ సాక్షి చెప్పునది సత్యమని పూచీపడువారెవరు? మొదటి ప్రశ్నకు లెక్కలు కొంత సమాధానము చెప్పినవి. రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు మనుష్యులే.

దీపము పుట్టుక

ప్రపంచమున మొదటి వీధి సిగ్నలు 1868 డిసెంబరులో లండను నగరమున పార్లమెంటు భవనముల చెంత వెలసెను. దానిని కల్పించినవాడు జాన్ పీక్ నైట్ అను రైల్వే ఉద్యోగి. రైలుమార్గములందలి చేతికంబములను చూచి ఆతడు అటువంటి దానినే వీధికి తెచ్చెను. పగలు చేతులు లేచి దిగుచుండెడివి. రాత్రి గ్యాసుతో వెలుగు ఎఱ్ఱ, ఆకుపచ్చ దీపములు కనిపించెడివి. దానిని త్రిప్పుటకు ఒక పోలీసు జవాను ప్రక్కనే నిలిచియుండెడివాడు. అనగా ఆజ్ఞ యిచ్చువాడును, ఆజ్ఞను మీరినవానిని చూచువాడును ఒక్కడే. నెల తిరుగకముందే, 1869 జనవరిలో గ్యాసు కారి ఆ దీపము ప్రేలిపోయి జవాను గాయపడెను. ఆ యంత్రమును తొలగించిరి. వీధిప్రమాదములను తప్పించుటకు పెట్టిన మొదటి యంత్రమే ప్రమాదమునకు కారణమైనదన్న సంగతి ఈ చరిత్రకు ముందుమాట వంటిది.

తరువాత విద్యుద్దీపముల యుగము వచ్చెను. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1914 ఆగస్టు 5వ తేదీన యూక్లిడ్ అవెన్యూ కూడలిలో విద్యుత్ సిగ్నలును నెలకొల్పిరి. 1920లో డెట్రాయిటు నగరపు పోలీసు ఉద్యోగి విలియం పాట్స్ నాలుగు దిక్కులకును మూడు రంగులు చూపు దీపమును తయారుచేసెను. ఎఱ్ఱకును ఆకుపచ్చకును నడుమ పసుపుదీపము వచ్చి చేరెను. ఆగుటకో సాగుటకో కొంత వ్యవధి యిచ్చుటయే దాని పని. ఈ చిన్న దీపమే ముందు ముందు న్యాయస్థానముల వరకు పోవు తగవునకు మూలమగునని అప్పుడెవరు నూహించియుండరు.

దీపములు తమంతట తామే మారునట్టివి కాగానే జవాను ప్రతి కూడలిలోను నిలువవలసిన పని లేకపోయెను. ఆజ్ఞ మిగిలెను, సాక్షి వెడలిపోయెను.

పందెగాని గడియారము

ఆ ఖాళీని నింపినవాడు వేగమును అణచదలచినవాడు కాడు, వేగమునే ప్రేమించినవాడు. మారిస్ గాట్సోనిడెస్ అను డచ్చి దేశస్థుడు 1911లో నాటి డచ్చివారి యేలుబడిలోని జావా ద్వీపమున జన్మించెను. మోటారు పందెములలో ఆరితేరి, 1953లో ప్రసిద్ధమైన మాంటీకార్లో పందెమున విజయము పొందెను. మలుపులలో తన బండి ఎంత వేగమున పోవుచున్నదో నిక్కముగా తెలిసికొని, ఆ వేగమును ఇంకను పెంచవలెనని ఆతని కోరిక. అందులకై ఆతడొక కొలత సాధనము కల్పించెను. రోడ్డుకు అడ్డముగా కొంత యెడముతో రెండు రబ్బరు గొట్టములను పరచిరి. చక్రము మొదటి గొట్టమును త్రొక్కగానే గడియారము నడచును. రెండవ గొట్టమును త్రొక్కగానే ఆగును. దూరమును కాలముచే భాగించిన వేగము తేలును.

1958లో ఆతడు ఈ సాధనములను తయారుచేయుటకు సంస్థను స్థాపించెను. పోలీసులు వానిని కొనసాగిరి. తన వేగమును పెంచుకొనుటకు చేసిన యంత్రము పరుల వేగమునకు కళ్లెమైనది. 1960వ దశకము నడుమ ఆ రబ్బరు గొట్టములకే కెమెరాను జతపరచి, ఎఱ్ఱదీపమును మీరు వాహనములను ఫోటో తీయు ఏర్పాటును ఆ సంస్థయే చేసెను. కూడలి కెమెరా అట్లు జన్మించెను.

దాని పని విధానము నేటికిని మూలమున మారలేదు. ఆగవలసిన గీత చెంత రోడ్డులో వాహనమును పసిగట్టు సాధన ముండును. మొదట అది రబ్బరు గొట్టము. పిమ్మట రోడ్డులో పాతిన తీగచుట్ట. నేడు రాడారును, కెమెరా దృశ్యమును గూడ వాడుచున్నారు. ఎఱ్ఱదీపము వెలుగుచున్నంతసేపు మాత్రమే కెమెరా మేలుకొనియుండును. అప్పుడు వాహనము గీతను దాటిన మొదటి ఫోటో పడును. కొద్ది వ్యవధిలో వాహనము కూడలి నడుమ నుండగా రెండవది పడును. రెండు ఫోటోలు ఎందుకనగా, గీతపై పొరపాటున ముందుచక్రము పెట్టి ఆగినవాడు దోషి కాడు. ఆగక సాగినవాడు దోషి. తేదీ, సమయము, ఎఱ్ఱదీపము వెలిగిన తరువాత గడచిన కాలము ఫోటోతోపాటు నమోదగును. ఫిల్ము కాలమున ఉద్యోగులు స్తంభమునుండి ఫిల్మును తీసికొనిపోయి కడిగి చూడవలసియుండెను. నేడు నంబరు పలకను యంత్రమే చదువుచున్నది.

యంత్రము బండిని చూచును గాని బండి నడపినవానిని నిశ్చయముగా చెప్పలేదు. ఈ చిక్కు చట్టమును మార్చవలసిన యవసరము కల్పించెను. బ్రిటను దేశము 1991 నాటి చట్టముచే యంత్రము తీసిన ఫోటోను సాక్ష్యముగా అంగీకరించి, 1992లో పశ్చిమ లండనులో వేగపు కెమెరాలను నెలకొల్పెను. న్యూయార్కు నగరము 1993లో ఎఱ్ఱదీపపు కెమెరాలను ప్రారంభించినప్పుడు నడపినవానిని వదలి, బండి యజమానినే బాధ్యునిగా చేసి 50 డాలర్ల జరిమానా విధించెను. నేరస్థుని వెదకుట మాని బాధ్యుని అడుగుట, ఇదియే నాటినుండి ఈ చట్టములలో పెక్కింటికి పునాది.

లాభనష్టముల లెక్క

నాలుగు దారుల కూడలిలో, ఒక్కొక్క దారిని వచ్చుటకొక వరుస, పోవుటకొక వరుస యున్నచో, వాహనముల త్రోవలు 32 చోట్ల ఒకదానితోనొకటి కలియుట, విడిపోవుట, ఖండించుకొనుట జరుగునని ఇంజినీర్లు లెక్కించిరి. అందు ఖండించుకొను స్థానములు 16. ఎఱ్ఱదీపమును మీరిన బండి ఈ స్థానములలోనే ఎదుటి బండి ప్రక్కభాగమును ఢీకొనును. బండికి ముందు ఇంజనును, వెనుక సామాను పెట్టెయు కొంత కాపు; ప్రక్కనున్నది తలుపు రేకు మాత్రమే. కావుననే ప్రక్కనుండి తగిలిన దెబ్బ ప్రాణాంతకము.

కెమెరా ఈ దెబ్బను తగ్గించునా? కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డు పట్టణమున 1997లో తొమ్మిది కూడళ్లలో కెమెరాలు పెట్టగా, దీపము మీరుట 42 శాతము తగ్గినట్లు కనుగొనిరి. కెమెరాలు లేని కూడళ్లలోను అట్లే తగ్గుట విశేషము. 2002లో ప్రకటించిన పరిశీలన ప్రకారము ఆ పట్టణమున దీపములున్న కూడళ్లలో గాయములు కలిగించు ప్రమాదములు 29 శాతము తగ్గెను.

అయితే నాణెమునకు రెండవవైపు గలదు. 2005లో అమెరికా కేంద్రప్రభుత్వము ఏడు ప్రాంతములలోని 132 కూడళ్లను పరిశీలింపజేసెను. ప్రక్కనుండి ఢీకొను ప్రమాదములు 25 శాతము తగ్గెను. వెనుకనుండి ఢీకొనునవి 15 శాతము పెరిగెను. కెమెరాను చూచి ముందుబండి హఠాత్తుగా ఆగిన వెనుకబండి తగులుటయే దీనికి కారణము. ప్రాణహాని కలిగించు దెబ్బ తగ్గి, చిన్న దెబ్బ పెరిగినది గనుక మొత్తము మీద కొంత లాభమేయని ఆ పరిశీలకులు తేల్చిరి. హ్యూస్టన్ నగరమున 2010 నవంబరులో ఓటర్లు కెమెరాలను కాదనిరి. పిమ్మట అవి తొలగిపోయెను. ఆ నగరపు లెక్కలను చూచిన ఇరువురు పండితులు 2020లో, ఒకరకపు ప్రమాదములు తగ్గి మరొకరకపువి పెరుగుటచే మొత్తము ప్రమాదములు తగ్గినట్లు కనిపించలేదని వ్రాసిరి.

ఈ లెక్కలను మన దేశమునకు యథాతథముగా అన్వయించుట తగదు. మన రోడ్లపై 2022లో మరణించినవారు 1,68,491 మంది. అనగా రోజుకు 461 మందికి పైగా. వారిలో 44.5 శాతము ద్విచక్రవాహనములపై పోవువారు, 19.5 శాతము పాదచారులు. కారులో కూర్చున్నవానికి వెనుకనుండి తగులు దెబ్బ చిన్నది కావచ్చును. స్కూటరుపై భార్యాబిడ్డలతో పోవువానికి అది చిన్నది కాదు. కావున మన కూడలిలో బండ్లు హఠాత్తుగా ఆగవలసిన యవసరము కలుగకుండ చూచుట ప్రధానము. ఆ యవసరమును కలిగించునదియు, తప్పించునదియు పసుపుదీపమే.

పసుపుదీపపు తగవు

1960లో డెనోస్ గాజిస్, రాబర్ట్ హెర్మన్, అలెక్సీ మారాడుడిన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు పసుపుదీపమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. వారు చూపిన చిక్కును లెక్కవేసి చూచిన తేటపడును. 50 కిలోమీటర్ల వేగమున వచ్చువానికి పసుపుదీపము కనిపించి కాలు బ్రేకుపై పడుటకు ఒక సెకను పట్టునని, పిమ్మట బండి మితముగా వేగము తగ్గునని అనుకొందము. ఆతడు ఆగుటకు దాదాపు 46 మీటర్లు కావలెను. పసుపుదీపము రెండే సెకనులు వెలిగినచో ఆ లోపల ఆతడు పోగలిగినది 28 మీటర్లు మాత్రమే. గీతకు 28 మీటర్లకు పైగా, 46 మీటర్లకు లోపుగా ఉన్నవాని గతి ఏమి? ఆగనూ లేడు, ఎఱ్ఱదీపము రాకముందు గీతను చేరనూ లేడు. ఆతడు ఎంత బుద్ధిమంతుడైనను దోషియే యగును. అదే పసుపుదీపము 3.3 సెకనులు వెలిగినచో ఈ సంకటము తొలగును. నిర్దోషికిని దోషికిని నడుమ భేదము ఒక సెకనుకు కొంచెము పైమాట.

పోలీసు జవాను ఈ సంకటమును కన్నులార చూచి క్షమించగలడు. యంత్రమునకు క్షమ తెలియదు. పెట్టిన లెక్కనే పాటించును. కావుననే లెక్క తప్పిన కెమెరా వేలమందికి అన్యాయము చేయును. చికాగో నగరమున పసుపుదీపము కనీసము మూడు సెకనులు ఉండవలెనని నియమము. 2014లో, 2.9 సెకనుల పసుపుదీపమునకును నోటీసులు పంపుట జరిగినదనియు, అట్టివి దాదాపు 77,000 అనియు ఆ నగరపు తనిఖీ అధికారి బయటపెట్టెను. సెకనులో పదవవంతు తేడా, 77,000 ఇండ్లకు నోటీసులు!

ఓరెగాన్ రాష్ట్రపు బీవర్టన్ పట్టణమున జరిగిన కథ ఇంకను ఆసక్తికరము. 2013లో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అను నాతని భార్యకు ఎఱ్ఱదీపపు కెమెరా నోటీసు వచ్చెను. స్వీడనులో చదివిన విద్యుత్ సాంకేతికుడైన యాతడు పసుపుదీపపు లెక్కను పరిశీలించెను. 1960 నాటి సూత్రము నేరుగా పోవువానికి సరిపోవునేగాని, మలుపు తిరుగుటకై వేగము తగ్గించుకొనువానికి చాలదని కనుగొనెను. తన లెక్కను అధికారులకు వ్రాసి పంపగా, లైసెన్సు లేకుండ ఇంజినీరునని చెప్పుకొన్నాడని ఆ రాష్ట్రపు ఇంజినీర్ల మండలి ఆతనికి 500 డాలర్ల జరిమానా విధించెను. ఆతడు న్యాయస్థానమునకు పోయెను. 2018 డిసెంబరులో తీర్పు ఆతని పక్షమున వచ్చెను. 2020లో అమెరికాలోని రవాణా ఇంజినీర్ల సంస్థ మలుపు తిరుగువారి యవసరమును గుర్తించి తన పద్ధతిని సవరించుకొనెను. ఒక గృహస్థు అడిగిన ప్రశ్న అరువదేండ్ల సూత్రమును సరిదిద్దినది. ప్రశ్నించుటయే నేరమనుకొన్న యెడల ఆ తప్పు నేటికిని అట్లే యుండెడిది.

జరిమానా, ఖజానా

తగవునకు రెండవ మూలము ధనము. బ్రిటనులో 2000 నుండి కెమెరాల నిర్వహణ ఖర్చును జరిమానాల రాబడినుండియే రాబట్టుకొను పద్ధతి యుండెను. కెమెరాలు ప్రాణములకొఱకా, పైకముకొఱకా యను సందేహము ప్రజలలో ప్రబలెను. 2001లో ప్రభుత్వము కెమెరాలకు పసుపురంగు పూసి అందరికిని కనిపించునట్లు చేయవలెనని ప్రకటించెను. 2007లో ఆ రాబడి పద్ధతికే స్వస్తి చెప్పెను. దాగియున్న కెమెరా పట్టుకొనుటకు. కనిపించు కెమెరా నివారించుటకు. ఈ భేదమును ఆ దేశము కొంత ఆలస్యముగా గుర్తించినది. చికాగోలో సంగతి అంతటితో పోలేదు. కెమెరాల కాంట్రాక్టు విషయమున లంచములు పుచ్చుకొన్నందులకు ఆ నగరపు మాజీ రవాణా అధికారి యొకనికి 2016లో పది సంవత్సరముల శిక్ష పడెను.

మన దేశమున

మన మోటారు చట్టములు 1914, 1939, 1988 సంవత్సరములలో క్రమముగా వచ్చినవి. వానియందు సాక్షి ప్రధానముగా పోలీసు ఉద్యోగియే. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టరు ఎస్. రాజశేఖరన్ 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించెను. ప్రమాదములలో విరిగిన ఎముకలను అతుకుచు వచ్చిన వైద్యుడు, అవి విరుగకుండ చూడుమని న్యాయస్థానమును కోరుట గమనింపదగినది. ఆ వ్యాజ్యమున 2014లో న్యాయమూర్తి కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన రోడ్డు భద్రతా సంఘము ఏర్పడెను.

2019 సవరణ చట్టము 136ఏ అను క్రొత్త సెక్షనుచే యంత్రపర్యవేక్షణకు స్థానమిచ్చెను. ఎఱ్ఱదీపమును మీరుట ప్రమాదకరముగ బండి నడుపుటలో భాగమయ్యెను. మొదటి తప్పునకు 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానాయో, ఆరు నెలలనుండి సంవత్సరము వరకు ఖైదో, లేక రెండునో విధింపవచ్చును. అదే సవరణ 198ఏ సెక్షనుచే, భద్రతా ప్రమాణములు పాటింపక రోడ్డు వేసినవారికిని లక్ష రూపాయల వరకు జరిమానా నిర్ణయించెను. చట్టము బండివానినే కాక రోడ్డువానిని గూడ చూచుట ప్రారంభించినది.

2021 ఆగస్టులో వెలువడిన నియమములు యంత్రసాక్షికి కొన్ని హద్దులు పెట్టెను. కెమెరాకు అంగీకార పత్రము ఉండవలెను. దానిని ఏటేట పునరుద్ధరింపవలెను. కెమెరా యున్నదని తెలుపు హెచ్చరిక పలక ఉండవలెను. నోటీసు 15 దినములలో పంపవలెను. పదిలక్షలకు మించిన జనాభాగల నగరములలోను, పట్టికలో చేర్చిన 132 నగరములలోను ముఖ్య కూడళ్లయందు వీనిని నెలకొల్పవలెను. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 136ఏ సెక్షనును అమలుపరుపుడని రాష్ట్రములను ఆదేశించెను.

హద్దులు ఎందుకో 2019 నాటి ఢిల్లీ అనుభవము చెప్పును. తూర్పు ఢిల్లీనుండి ఉద్యోగులు ప్రతిదినము నగరమధ్యమునకు వచ్చు 24వ నంబరు జాతీయ రహదారిపై, నిజాముద్దీన్ వంతెనకును గాజీపూరుకును నడుమ, పలకలపై 70 కిలోమీటర్లని యుండగా కెమెరాలు 60 కిలోమీటర్లను పరిమితిగా తీసికొనెను. అవి ఎఱ్ఱదీపపు కెమెరాలు కావు, వేగపు కెమెరాలు. కాని నీతి ఒక్కటే. పలకను నమ్మి నడచినవారికి నోటీసులు వచ్చెను. ఆగస్టు నుండి అక్టోబరు వరకు పంపిన దాదాపు లక్షన్నర చలానాలను ఉపసంహరింప నిశ్చయించిరి. పొరపాటును ఒప్పుకొని దిద్దుకొనుట మెచ్చదగినదే. కాని అంతవరకు కెమెరా పలుకుచున్నది అసత్యమని కెమెరాకు తెలియదు.

హైదరాబాదు అనుభవము మరొకవిధము. అచ్చట బంజారాహిల్సులో 2022 ఆగస్టులో ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ కేంద్రమునుండి నగరమును కెమెరాల ద్వారా చూచుచున్నారు. చలానాలు వెళ్లుచున్నవి, చెల్లింపులు మాత్రము వెనుకబడినవి. పేరుకొనిపోయిన బాకీలకై 2022 మార్చిలో ద్విచక్రవాహనములకు 75 శాతము రాయితీ ఇచ్చిరి. 2023 డిసెంబరులో మరల 80 శాతము ఇచ్చిరి. బాకీ కొంత వసూలైనది. కాని రాయితీకై కాచుకొని కూర్చుండగల జరిమానా మనుష్యుని నడతను మార్చునా? శిక్షకు బలము దాని పెద్దతనములో లేదు. అది తప్పక, త్వరగా, న్యాయముగా వచ్చుటలో నున్నది.

పూచీ ఎవరిది?

నూటయేబది ఏండ్ల ఈ చరిత్రలో కెమెరా ఒంటరిగా ప్రాణములు కాపాడిన సందర్భము లేదు. ఒంటరిగా అన్యాయము చేసిన సందర్భమును లేదు. ఆక్స్‌నార్డులో లాభించినను, చికాగోలో అపకీర్తి పొందినను, ఢిల్లీలో తప్పుదారి పట్టినను దాని వెనుక నున్నది మనుష్యుని చేతిపనియే. గ్యాసు కారుచుండగా చూడనివాని లోపము 1869లో జవానును గాయపరచెను. కొలత చూడనివాని లోపము నేడు నిర్దోషిని దోషిగా చూపును.

కావున తన పట్టణమున కెమెరా వెలసినప్పుడు పౌరుడు అడుగవలసినవి కొన్ని గలవు. పసుపుదీపపు వ్యవధిని ఆ కూడలి వేగమునకు తగినట్లు లెక్కించిరా? హెచ్చరిక పలక కనిపించుచున్నదా? అంగీకార పత్రము ఈ ఏటిదేనా? నోటీసు తప్పని చెప్పుకొనుటకు వినువాడు ఒకడు గలడా? ఇవి కెమెరాను కాదనువాని ప్రశ్నలు కావు. దాని మాటకు విలువ నిలుపదలచినవాని ప్రశ్నలు. దస్త్రములు నడుపుట వృత్తిగా గలవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సంతకమునకు విలువ కాగితమువలన రాదు. సంతకము చేసినవాడు కాగితమును చదివెనను నమ్మకమువలన వచ్చును.

పౌరుని కర్తవ్యము గూడ అంతే స్పష్టము. కెమెరా యున్న కూడలిలో ఆగి, లేని కూడలిలో ఆగనివాడు ఎఱ్ఱదీపమును గౌరవించినవాడు కాడు, ఫోటోకు భయపడినవాడు. ఎదుటి దారిని బిడ్డను బడికి తీసికొనిపోవు తల్లికి ఆ భయము కొంత రక్ష. ఆమెకు పూర్తి రక్ష, ఎవ్వరు చూడనప్పుడు గూడ గీత దగ్గర ఆగు చక్రమే.